ఆరు గంటల కొలత

షారోన్ నా భార్య రూతుకు అన్న కూతురు. వాళ్ళమ్మ వైపు నుంచి తనకూ ఫ్రెంచి పౌరసత్వం ఉంది, వచ్చే నెల ఫ్రెంచి సైన్యంలో చేరడానికి వెళుతోంది. మొన్న ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, కొవ్వూరులో మా ఇంటి వరండాలో కూర్చుని అడిగింది.

"మావయ్యా, అక్కడ ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందండీ? సంఘంలో మీరు చెప్పే సాక్ష్యం కాదు. పొద్దున్న లేచి ఏం చేస్తారో అది చెప్పండి."

పిల్ల మామూలుగానే అడిగింది. నేను మాత్రం మంచినీళ్ళ వంకతో లేచి లోపలికి వెళ్ళిపోయాను.

అడిగింది కాబట్టి రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, మన గోదావరి జిల్లాల నుంచి ఏ దేశపు యూనిఫాం వేసుకోబోయే పిల్లలకైనా. నాకు ఎప్పుడు ఏ ర్యాంకు వచ్చింది, ఏ కాగితం ఎవరికి పెట్టుకోవాలి అన్నవి ఇందులో ఉండవు. అవి ఆఫీసులో చెబుతారు.

రాయడానికి ఇంకో కారణం ఉంది, ముందే చెప్పేస్తాను. ఫ్రెంచి సైన్యంలో నేను మూడు విడతలుగా ఒకే అధికారి కింద పనిచేశాను. ఆయన కెప్టెన్‌గా ఉన్నప్పుడు, కల్నల్‌గా ఉన్నప్పుడు, చివరికి జనరల్ అయ్యాక. ఇప్పుడు ఆయన రిటైరై, కొత్తగా చేరే ఇంజనీరు ఆఫీసర్ల కోసం తన అనుభవాలు పుస్తకంగా రాశారు. అందులో ఒక అధ్యాయం ఈమెయిల్లో పంపి, "ఆ రోజు నాతో ఉన్నవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. తప్పులుంటే నెలాఖరులోగా చెప్పండి, తర్వాత అచ్చుకు వెళుతుంది" అన్నారు.

ఆ అధ్యాయంలో ఒక అంకె తప్పు. ఆ అంకె నేను రాసిందే. తప్పని తెలిసి రాశాను. ఆ సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

పంటు పని

మాది యానాం. ఆ ఊరు ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి మన దేశంలోకి వచ్చినప్పుడు మా తాత తన ఫ్రెంచి పౌరసత్వం వదులుకోలేదు. ఆ వరసలో నాన్నకూ నాకూ అదే వచ్చింది. నాన్నకు దానితో ఏ పనీ పడలేదు. ఆయన జీవితమంతా గోదావరి పాయ మీద పంటు నడిపాడు. వంతెనలు వచ్చాక పుట్టిన పిల్లలకు పంటు తెలియకపోవచ్చు. రెండు పడవలను పక్కపక్కన కట్టి, మీద బల్లలు పరిచి, లారీలనూ జనాన్నీ అవతలి ఒడ్డుకు చేరుస్తారు. నేను ఫ్రాన్సు వెళ్ళి సైన్యంలో చేరినప్పుడు "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగి, నన్ను ఇంజనీర్ల దళంలో వేశారు. అక్కడ ఇచ్చిందీ పంటు పనే. ఇనప పడవలు, మోటార్లు, అంతే తేడా.

అమ్మ నర్సాపురం దగ్గర పల్లెలో, సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. రోజుకొక వాక్యం కంఠతా చెప్పందే మాకు అన్నం పెట్టేది కాదు. నేను బయలుదేరిన రోజున ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఒకే ఒక్క మాట అంది. "ఒరే, తుపాకీ చేతిలో ఉన్నవాడికి అబద్ధం ఆడటం సులువు. ఎవడూ ఎదురడగడు. జాగ్రత్త." సైనికులు ఒక ప్రవక్త దగ్గరికి వచ్చి మేమేం చేయాలి అని అడిగితే వాళ్ళకు దొరికిన జవాబు లేఖనాల్లో ఉంది. సైన్యం వదిలేయమని అందులో లేదు. జనాన్ని బెదిరించి లాక్కోవద్దనీ, లేని నేరం ఎవరి మీదా మోపవద్దనీ ఉంది. అమ్మ చెప్పింది అదే. నాకు అప్పుడది ముసలమ్మ మాటలా వినిపించింది.

ఇక పని. నా సర్వీసు మొత్తంలో శిక్షణ మైదానం బయట నేను తుపాకీ పేల్చింది రెండే రెండుసార్లు. నది లోతు కొలిచింది ఎన్నిసార్లో లెక్కలేదు. ఒడ్డు వాలు ఎంత, అడుగున ఇసుకా బురదా, నీళ్ళ వేగం ఎంత. పుల్ల వేసి, అది పది గజాలు పోయేలోగా ఎన్ని అంకెలు లెక్కపెట్టామో చూసుకోవడం. ఎర్ర గీతలూ తెల్ల గీతలూ ఉన్న కొలకర్ర ఒకటి ఎగువన పాతుతాం. అరగంటకొకసారి ఒక మనిషి దాని దగ్గరికి వెళ్ళి నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాస్తాడు. చలిలో, వానలో, దోమల్లో. ఎవరూ చప్పట్లు కొట్టరు. షారోన్, నువ్వడిగిన ఉద్యోగం అదే.

మొదటి రెండేళ్ళూ నా పై అధికారి ఒక మేజరు. ఆయన మాట్లాడటం ఎవరూ వినలేదు, అరవడమే విన్నాం. ఆయన కింద తాడు తెగితే కొత్త తాడు కట్టి, పాతదాన్ని పాతిపెట్టేవాళ్ళం. ఆయన రిపోర్టుల్లో మా కంపెనీలో ఏనాడూ ఏదీ పాడవలేదు. అలాంటి అధికారి దొరికితే బదిలీ అడుక్కోండి, మొహమాటపడకండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆడిన అబద్ధం అరిచే అధికారికి భయపడి ఆడింది కాదు. ఆ సాకు నాకు లేదు.

మా కెప్టెన్

పుస్తకం రాసిన ఆ అధికారి పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. పొట్టిగా, గుండ్రంగా, మిఠాయి కొట్టు యజమానిలా ఉండేవారు. కళ్ళజోడు నీళ్ళలో పడకుండా మెడకు తాడు కట్టుకునేవారు. ఏ నది దగ్గరికి వెళ్ళినా ముందు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, తనే దిగేవారు. మాకు అన్నం వడ్డించాక తను తినేవారు. ఎవరినీ బాగా చేశావనేవారు కాదు. తప్పు చేస్తే మాత్రం పక్కన కూర్చుని, ఎక్కడ మొదలైందో మన నోటితోనే చెప్పించేవారు. మన తెలుగులో లాగే ఫ్రెంచిలోనూ నువ్వు, మీరు అని రెండున్నాయి. నేను కొత్త సార్జంటుగా ఉన్నప్పుడు కూడా నన్ను ఆయన మీరు అనే అన్నారు.

ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. నేను పొద్దున్నే ప్రార్థన చేసుకోవడం చూసి ఒకసారి, "ఏం సార్జంట్, ఈ నది లోతు ఎంతని మీ దేవుడు చెప్పాడు?" అన్నారు.

"కొలుచుకోమన్నాడు, మోన్ కాపితెన్," అన్నాను. అక్కడ కెప్టెన్‌ని అలాగే పిలవాలి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి కొలకర్ర బాధ్యత నాకే ఇచ్చారు. కొలుచుకోమని చెప్పే దేవుడున్న మనిషి దీనికి పనికొస్తాడన్నారు.

ఆ ఉదయం

ఆఫ్రికాలో ఒక దేశం. వర్షాకాలం మొదలయ్యే రోజులు. నదికి అవతల కరువు శిబిరం ఒకటుంది. దానికి ధాన్యం లారీలు దాటించాలి. పంటు ముందు తాడు దగ్గర ఎతియెన్ అని ఒక కార్పొరల్ ఉండేవాడు. ఇరవై మూడేళ్ళవాడు. నన్ను అడ్మిరల్ అని ఏడిపించేవాడు.

ఆ పొద్దున్న కూడా మొదలుపెట్టాడు. "అడ్మిరల్ గారూ, ఇవాళైనా బట్టలు తడవకుండా దాటిస్తారా?"

"నీకు స్నానం అవసరమేరా, నాలుగు రోజులైంది."

"ఐదు. లెక్క సరిగ్గా చూసుకోండి, మీరు కొలతల మనిషి."

ఐదు గంటలకు కొలత తీశాను. ఐదున్నరకు తీశాను. రెండూ ఒకటే. కొలకర్ర మా పంటుకు రెండు వందల గజాల ఎగువన, ఒక బురద మేట అవతల ఉంది. వెళ్ళి రావాలంటే మోకాలి లోతు బురద. ఆరు గంటలకు నేను కర్ర దగ్గరికి వెళ్ళలేదు. ఉన్నచోటే నీళ్ళ అంచున కూర్చుని చెయ్యి పెట్టి చూశాను.

నీళ్ళు ఎర్రబడ్డాయి. కొంచెం నురగ, కొంచెం చెత్త వస్తున్నాయి.

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు ఎర్రనీరు దిగుతుంది, దాని వెనక పుల్లాపుడకా వస్తాయి, ఆ తర్వాత నీళ్ళు పెరుగుతాయి. భద్రాచలంలో పెరిగితే మనకు మర్నాటికి గాని రాదు. మా నాన్న ఎర్రనీరు చూసి కూడా తీరిగ్గా చద్దన్నం తిని, సాయంత్రం దాకా పంటు తిప్పి, అప్పుడు కట్టేసేవాడు. నాకు ఒక రోజు వ్యవధి ఉందనుకున్నాను. అది చిన్న నది అనీ, ఎగువ కొండల్లో వాన పడితే గంటల్లో దిగుతుందనీ నాకు చెప్పారు. తెలిసి కూడా నా చెయ్యి గోదావరినే నమ్మింది.

కెప్టెన్ గారు అవతలి ఒడ్డు చూసుకుని వచ్చారు. ఎగువన దూరంగా మబ్బు ఉంది. దాన్ని చూస్తూ అడిగారు.

"ఆరు గంటల కొలత?"

"మార్పు లేదు, మోన్ కాపితెన్."

"కర్ర దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను."

నది విషయంలో పొరపాటు పడటం ఒకటి. అది ఎవరికైనా జరుగుతుంది, నేర్చుకోవచ్చు. ఆ 'వెళ్ళాను' అనే మాట వేరు. ఆయన అటు తిరగగానే పుస్తకంలో ఆరు గంటల ఎదురుగా ఐదున్నర అంకెనే మళ్ళీ రాశాను. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

ఆరూ ఇరవైకి పంటు కదిలింది. నడి నదిలో ఉండగా నీళ్ళు వచ్చాయి. వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన చెట్టొకటి పంటు పక్కకు తగిలి, పంటును పట్టి ఉంచే ఇనప తీగ తెగింది. పంటు ఒరిగింది. లారీ జారింది. ఎతియెన్ తాడు వదల్లేదు, వదలకూడదని వాడికి నేర్పింది నేనే. లారీతో పాటు వాడూ పోయాడు. నేను వాడి కోసం దూకాను. నాకు వాడి చొక్కా కూడా అందలేదు. ప్రవాహం నన్ను చాలా దూరం ఈడ్చుకుపోయి ఒక చెట్టు కొమ్మకు తగిలించింది. ఎతియెన్ మూడో రోజు దొరికాడు.

విచారణ జరిగింది. పుస్తకం చూశారు. ఆరు గంటలకు మార్పు లేదు, ఆరూ ఇరవైకి వరద. ఎవరూ ముందుగా తెలుసుకోలేనిది అని రాశారు. మబ్బు కనిపిస్తుండగా లారీ ఎందుకు ఎక్కించారని కెప్టెన్ గారిని అడిగితే, "ఆజ్ఞ నాది" అని ఊరుకున్నారు. ఆయనకు మందలింపు పత్రం వచ్చింది. నాకు దూకినందుకు మెచ్చుకోలు పత్రం వచ్చింది.

సాక్ష్యం

మరుసటి సెలవుకు ఇంటికి వస్తే అమ్మ నన్ను సంఘంలో నిలబెట్టింది. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడం ఏమిటో మీకు తెలుసు. ప్రభువు నాకు ఏం చేశాడో అందరి ముందూ లేచి చెప్పాలి. నేను చెప్పాను. వరద, చెట్టు, కొమ్మ పంపిన హస్తం. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ ఏడ్చింది. ఆ తర్వాత ఎప్పుడు సెలవుకు వచ్చినా ఏదో ఒక ఊరి యువజన కూటానికి పిలిచేవారు. రిటైరై వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. భీమవరం నుంచి రాజమండ్రి దాకా నా సాక్ష్యం వినని సంఘం తక్కువ.

సాక్ష్యం కూడా పనిముట్టు లాంటిదే, వాడేకొద్దీ నునుపెక్కుతుంది. మొదట్లో ఎతియెన్ పేరుతో ఉండేవాడు. తర్వాత 'ఒక తోటి సైనికుడు' అయ్యాడు. అతని దగ్గరికి వచ్చేసరికి స్తోత్రాలు ఆగిపోయేవి, కూటం చల్లబడేది. అందుకని చివరికి అతన్ని తీసేశాను. నన్ను బతికించిన దేవుడి గురించి ఇన్నేళ్ళు మాట్లాడాను. ఆ నోటితోనే 'వెళ్ళాను' అన్నానని ఒక్కసారీ చెప్పలేదు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, అనేకసార్లు, కన్నీళ్ళతోనే. ఒప్పుకుని లేచి వెళ్ళి మళ్ళీ అదే సాక్ష్యం చెప్పాను.

పిల్లలూ, అవిశ్వాసులు ఈ తప్పు చేయలేరు. వాళ్ళకు సాక్ష్యం చెప్పే వేదిక ఉండదు. ఇది మనలాంటివాళ్ళమే చేయగలం.

కల్నల్ గారి పాఠం

ఆ మందలింపు వల్ల పదోన్నతుల్లో ఆయన తోటివాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు, ఆయన ఆలస్యంగా వెళ్ళారు. కల్నల్ అయ్యాక ఒక రెజిమెంటు ఇచ్చారు. నన్ను పేరు పెట్టి అడిగి మరీ తెచ్చుకున్నారు. అప్పటికి ఆయనకు ఒక పిచ్చి పట్టుకుంది. ఇరవై నిమిషాల్లో అంత నీరు ఎలా వచ్చింది? ఆ నది మీద దొరికిన లెక్కలన్నీ తెప్పించి నోటు పుస్తకాలు నింపారు. సెలవు పెట్టుకుని ఎగువ కొండల దాకా స్వయంగా వెళ్ళివచ్చారు. వానాకాలం వస్తే కిటికీ దగ్గర నిలబడి నన్నే అడిగేవారు.

"అంత నీరు ఎక్కడ దాక్కుందంటారు?"

"తెలియదు, మోన్ కొలొనెల్."

కొత్త ఆఫీసర్లకు దాని మీద ఒక పాఠం చెప్పేవారు. అది ఆయన పేరుతో నిలిచిపోయింది. మొదటి మాటే, "కర్ర కదలకపోయినా నది చంపుతుంది." నేను హాలు చివర తెర మీద బొమ్మలు మార్చేవాడిని. పాఠం మధ్యలో ఆయన చెయ్యెత్తి, "అదుగోనండి, ఆ రోజు కర్ర దగ్గరికి వెళ్ళి వచ్చిన మనిషి" అనేవారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను గౌరవంగా చూసేవారు.

ఒక శిక్షణలో కుర్ర లెఫ్టినెంటు ఒకాయన కొలకర్ర పాతకుండానే పంటు దింపబోయాడు. ఎందుకు పాతలేదంటే, "కర్రను నమ్మి లాభం లేదని కల్నల్ గారే చెప్పారుగా" అన్నాడు. నేను ఆయన ర్యాంకు చూడకుండా తిట్టి పాతించాను. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ క్షణాన నాకు అర్థమైంది. నా అబద్ధం నా దగ్గర ఆగలేదు, పాఠమైపోయింది. కర్ర నిజమే చెప్పింది, దాని దగ్గరికి మనిషే పోలేదు. ఇప్పుడు ఆ కర్రనే నమ్మొద్దని పిల్లలకు నేర్పుతున్నారు. ఆ సాయంత్రమే చెప్పాలని ఆయన గది దాకా వెళ్ళాను. ఆయన తలెత్తి, "ఏంటి సంగతి?" అన్నారు. రేపటి వాహనాల పట్టీ అడిగి వచ్చేశాను.

ఆయన జనరల్ అయ్యాక ఆయన ఆఫీసు చూసే పనిలో నా సర్వీసు ముగిసింది. వీడ్కోలు రోజున ఆయన చెప్పింది రెండు వాక్యాలు. "ఈయన మాట మీద నేను మనుషులను నీళ్ళలోకి పంపాను. మళ్ళీ పంపుతాను." మనిషికి దొరికే పెద్ద గౌరవం అది. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

పదకొండు రోజులు

అధ్యాయం వచ్చాక పదకొండు రోజులు జవాబు రాయలేదు. పొద్దున్న గట్టు మీద, సాయంత్రం గట్టు మీద, వంతెన దాకా పోవడం, రావడం. కాలు ఒకచోట నిలవలేదు. రూతుకు ఈ సంగతి పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పాను. ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఒత్తిడి చేయలేదు. పదకొండో రోజు మాత్రం ఊరుకోలేదు.

"చెప్పులు అరిగిపోతున్నాయి గానీ మీ నోరు మాత్రం కదలట్లేదండి."

"ఆయనకు వయసైపోయింది రూతూ. ఇప్పుడు చెప్పి ఆయన మనసు విరిచేయడం ఎందుకు?"

"ఆయన మనసు గురించా మీ బాధ? మీ పరువు గురించి కాదూ? పుస్తకం అచ్చయితే ఆ పిల్లలు అదే చదువుతారు. రేపు మన షారోన్ కూడా ఆ పనిలోకే వెళ్ళిందనుకోండి, అదే చదువుతుంది."

మా సంఘ పెద్ద దానయ్య గారి దగ్గరికి వెళ్ళాను. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మొత్తం చెప్పి, "ప్రభువు దగ్గర ఎప్పుడో ఒప్పుకున్నానండి" అన్నాను.

ఆయన నా ముందున్న టీ గ్లాసు పక్కకు జరిపారు. "ఆయనకి తెలియంది నువ్వేం చెప్పావయ్యా? తెలిసినాయనకే పదిసార్లు చెప్పుకున్నావు. తెలియనాయన ఫ్రాన్సులో ఉన్నాడు. లే, వెళ్ళు. టీ తర్వాత తాగుదూ గాని."

ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాను.

"చదివారా?" అన్నారు జనరల్ గారు.

"చదివాను, మోన్ జెనెరాల్. ఒక తప్పుంది."

"చెప్పండి, దిద్దుకుంటాను."

"ఆరు గంటల కొలత."

"మార్పు లేదు. అలాగే ఉందిగా."

"నేను కర్ర దగ్గరికి వెళ్ళలేదు."

అటువైపు పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"వెళ్ళానన్నారు."

"అన్నాను."

"నేను అడిగాను. కొలత అడిగాక, మళ్ళీ విడిగా ఆ మాటే అడిగాను."

"అడిగారు."

తర్వాత ఆయన చాలా నెమ్మదిగా, నాతో కాదన్నట్టు అన్నారు.

"అయితే నీళ్ళు ఎక్కడా దాక్కోలేదు."

నేను క్షమాపణ చెప్పబోయాను. ఆయన ఆపారు. "ఎతియెన్ వాళ్ళమ్మకు ఉత్తరం రాసింది నేను. ఎవరూ ముందుగా తెలుసుకోలేని వరద అని రాశాను. ఆవిడ చివరి దాకా ఆ మాట పట్టుకునే బతికింది. ఆవిడ ఇప్పుడు లేరు. తమ్ముడున్నాడు. అతనికి మీరే రాయాలి, నేను రాయను."

"రాస్తాను."

"మిమ్మల్ని క్షమించానని చెప్పాలా ఇప్పుడు?"

"అడగను, మోన్ జెనెరాల్."

"మంచిది. ఇవాళ చెప్పలేను." ఫోన్ పెట్టేశారు.

ఎతియెన్ తమ్ముడికి మర్నాడే ఉత్తరం రాశాను. ఇది రాసే నాటికి జవాబు రాలేదు. రావాలన్న నియమం లేదు.

ఆదివారం

ఆ వారం ఆరాధనలో ఎవరూ పిలవకుండానే లేచాను. చెట్టు గురించి చెప్పలేదు. ఎతియెన్ పేరు చెప్పాను, వాడి వయసు చెప్పాను, కొలకర్ర గురించి, 'వెళ్ళాను' గురించి చెప్పాను. ఇన్నేళ్ళూ మీతో సగమే చెప్పి స్తోత్రం అనిపించానని చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. దానయ్య గారు లేచి పాట ఎత్తుకోలేదు, నేను కూర్చునేదాకా ఆగి, మోకాళ్ళ మీద ఉందాం అన్నారు అంతే.

బయట షారోన్ నా చెప్పులు వెతికి తెచ్చి ముందు పెట్టింది. అడగకుండా ఉండలేని గుణం తనది.

"ఇంతకీ మావయ్యా, నన్ను వెళ్ళమంటారా, మానేయమంటారా?"

"వెళ్ళమంటాను."

"ఇంత చెప్పాక కూడానా?"

"నేను బయలుదేరేటప్పుడు అమ్మ జాగ్రత్త అంది గానీ, తాను చేసిన తప్పు విప్పి చెప్పినవాడు ఎవడూ లేడు. నీకు చెప్పాను. ఇక నువ్వు చేస్తే తప్పు నీదే."

"బాగుందండీ, బరువంతా నా నెత్తిన పెట్టేశారు," అంది. నవ్వలేదు గానీ, నవ్వుకు దగ్గరలోనే ఉంది.

ఎనిమిది రోజులు ఫ్రాన్సు నుంచి ఏమీ రాలేదు. మళ్ళీ గట్టు, మళ్ళీ వంతెన. ఒప్పుకోగానే హాయిగా ఉంటుందని మనం ప్రసంగాల్లో చెబుతాం. నాకు అలా లేదు. దేవుడు నన్ను విడిచిపెట్టలేదని నాకు తెలుసు, దాన్ని నేను శంకించను. కానీ ఇన్నేళ్ళు కిటికీ దగ్గర నిలబడి లేని ప్రశ్నకు జవాబు వెతికిన మనిషి కళ్ళ ముందు నుంచి కదలడు.

తొమ్మిదో రోజు ఈమెయిల్ వచ్చింది. అధ్యాయం మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది. కింద నాలుగు పంక్తులు. "పుస్తకం మూడు నెలలు వాయిదా వేయించాను. ఈ అధ్యాయం మీరు రాయండి, మీ పేరుతో. ఆజ్ఞ నాది అన్న వాక్యం మాత్రం తీయకండి, అది ఇప్పటికీ నిజమే. కొలతల పట్టికలో ఆరు గంటలకు నీళ్ళు ఎంత పెరిగి ఉంటాయో మీ అంచనా వేయండి, పిల్లలకు అర్థమవుతుంది." పలకరింపు లేదు, సంతకం లేదు.

మూడు రోజులు కూర్చుని రాశాను. నా ఫ్రెంచి అంత గొప్పది కాదు, ఉన్నదానితోనే రాశాను. చివరికి పట్టిక మిగిలింది. ఐదు గంటల అంకె రాశాను. ఐదున్నర అంకె రాశాను. ఆరు దగ్గర ఆగాను. అంచనా వేయడం నాకు కష్టం కాదు. నీళ్ళ రంగు గుర్తుంది, చేతికి తగిలిన వేగం గుర్తుంది, ఒక జానెడు అనో బెత్తెడు అనో రాసేయగలను. జనరల్ గారు చెప్పిన పనులన్నిటిలో అదొక్కటే చేయలేదు.

ఆరు గంటల ఎదురుగా 'కొలత తీయలేదు' అని రాసి పంపాను.